ఘాత సమీకరణాలు: 𝑡 అనుకోవాల్సింది ఎక్కడ, లాగ్ తీసుకోవాల్సింది ఎక్కడ?

క్లుప్తంగా: తెలియని రాశి ఘాతంలో ఉన్నప్పుడు ప్రతిక్షేపణ (ఘాత పదానికి 𝑡 అని పేరు పెట్టుకోవడం), సంవర్గమానం (లాగ్) అనే రెండు పద్ధతులు వాడతారు. చాలామంది వీటిని ఒకదానికి బదులు ఇంకొకటి అనుకుంటారు. నిజానికి రెండింటి పనులు వేరు. ఘాత పదాల మధ్య ఉన్న కూడికనో తీసివేతనో తప్పించడం ప్రతిక్షేపణ పని. ఒక్క ఘాత పదమే మిగిలాక ఘాతాన్ని కిందికి దించడం లాగ్ పని. కొన్ని లెక్కల్లో రెండూ వరసగా కావాలి, కొన్నింటిలో రెండూ పనికిరావు.

ఇంటర్ స్థాయి గణితంలో ఈ అధ్యాయం దగ్గర విద్యార్థులు తడబడడానికి కారణం సూత్రాలు రాకపోవడం కాదు. 4^𝑥 − 6·2^𝑥 + 8 = 0 అనే లెక్కలో 2^𝑥 = 𝑡 అనుకోమంటారు. 5^𝑥 = 2^(𝑥+3) అనే లెక్కలో రెండువైపులా లాగ్ తీసుకోమంటారు. పైకి చూస్తే రెండూ ఒకే రకం లెక్కలు. ఒకదానికి ఆ పద్ధతి, ఇంకోదానికి ఈ పద్ధతి ఎందుకో చెప్పకుండా అభ్యాసాలు చేయిస్తే, గుర్తుపెట్టుకోవడం తప్ప వేరే దారి ఉండదు. పరీక్షలో కాస్త కొత్త రూపంలో లెక్క కనిపించగానే టెన్షన్ మొదలవుతుంది. ఆ ఎందుకు అన్నది చాలా చిన్న విషయం, చెప్పాల్సిన విషయం కూడా.

## ఘాతంలోకి 𝑥 వెళితే ఏం మారుతుంది

𝑥² = 20 అనే సమీకరణంలో 𝑥 ఆధారంగా ఉంది. వర్గమూలం తీస్తే బయటికి వస్తుంది. 2^𝑥 = 20లో 𝑥 ఘాతంగా ఉంది. ఇక్కడ ఏ మూలం తీసినా, దేనితో భాగించినా 𝑥 కిందికి దిగదు. కూడిక, గుణకారం, వర్గమూలం వంటి మామూలు పరికర్మలకు అది అందదు.

అయితే 2^𝑥 గురించి మనకు మూడు సంగతులు కచ్చితంగా తెలుసు. 𝑥 ఏ వాస్తవ సంఖ్య అయినా 2^𝑥 ఎప్పుడూ ధనాత్మకమే. 𝑥 పెరిగితే అదీ పెరుగుతుంది, ఎక్కడా వెనక్కి తగ్గదు. ప్రతి ధన సంఖ్యనూ అది ఒకసారి, ఒకేసారి చేరుకుంటుంది. ఆధారం 1 కంటే ఎక్కువ ఉన్న ఏ ఘాత ప్రమేయానికైనా ఇవి వర్తిస్తాయి. ఆధారం 0కి, 1కి మధ్య ఉంటే పెరగడానికి బదులు తగ్గుతుంది, మిగతాదంతా అంతే. ఈ అధ్యాయంలోని పద్ధతులన్నీ ఈ మూడింటి మీదే నిలబడ్డాయి.

రెండువైపులా ఆధారాన్ని ఒకటి చేసి ఘాతాలను సమానం చేసే తొలి పద్ధతి మూడో సంగతి నుంచే వచ్చింది. 8^(𝑥−1) = 4^(𝑥+1) అయితే, రెండింటినీ 2 ఘాతాలుగా రాయవచ్చు: 2^(3𝑥−3) = 2^(2𝑥+2). ఒక విలువ ఒక్కచోటే వస్తుంది కాబట్టి 3𝑥 − 3 = 2𝑥 + 2, అంటే 𝑥 = 5. సరిచూస్తే 8^4, 4^6 రెండూ 4096. ఆధారాలు ఇలా కలిసొచ్చినప్పుడు లాగ్ వాడడం అనవసర శ్రమ.

## లాగ్ చేసే పని

2^𝑥 = 20 దగ్గర ఆధారాలు కలవవు. 2^4 = 16, 2^5 = 32 కాబట్టి 𝑥 విలువ 4కి, 5కి మధ్య ఎక్కడో ఉంది. అది ఒక్కటే ఉందనీ తెలుసు. ఆ సంఖ్యకు పెట్టిన పేరే లాగ్₂ 20. లాగ్ అంటే ఇంతే: ఫలానా సంఖ్య రావాలంటే ఆధారాన్ని ఎంత ఘాతానికి ఎత్తాలి అన్న ప్రశ్నకు జవాబు.

కాలిక్యులేటర్‌లో ఆధారం 2 బటన్ లేకపోయినా ఇబ్బంది లేదు. రెండువైపులా ఆధారం 10తో లాగ్ తీసుకుంటే ఘాతం కిందికి దిగి గుణకం అవుతుంది: 𝑥·లాగ్ 2 = లాగ్ 20. అంటే 𝑥 = 1.30103 ÷ 0.30103, సుమారు 4.3219. ఆధారం 10కి బదులు సహజ సంవర్గమానం (ఆధారం 𝑒, సుమారు 2.718) వాడినా ఇదే జవాబు వస్తుంది, ఎందుకంటే ఆధారం మారినప్పుడు పైనా కిందా ఒకే నిష్పత్తిలో మారతాయి. ఇక్కడ తరచుగా జరిగే తప్పు ఒకటుంది. లాగ్ 20 ÷ లాగ్ 2 అంటే లాగ్ 10 అని కొట్టేయడం. లాగ్ (20 ÷ 2) అంటే 1. లాగ్ 20 ÷ లాగ్ 2 అంటే 4.32. మొదటిది సంఖ్యల భాగహారం, రెండోది లాగ్‌ల భాగహారం.

4.3219 అన్నది గుండ్రపరిచిన విలువే. అసలు విలువను భిన్నంగా రాయలేం. అది 𝑝/𝑞 అయిందనుకుంటే 2^𝑝 = 20^𝑞 కావాలి. కుడివైపు 5 కారణాంకంగా ఉంది, ఎడమవైపు లేదు. కాబట్టి అది కరణీయ సంఖ్య. అందుకే జవాబును లాగ్ 20 ÷ లాగ్ 2 అని అలాగే ఉంచడం అసంపూర్తి జవాబు కాదు, అదే కచ్చితమైన జవాబు.

చరిత్రలో లాగ్ పుట్టింది సమీకరణాల కోసం కాదు. 1614లో స్కాట్లాండ్‌కు చెందిన జాన్ నేపియర్ తన పట్టికలు ప్రచురించినప్పుడు, ఖగోళ గణనల్లో పెద్ద పెద్ద గుణకారాలను కూడికలుగా మార్చడమే లక్ష్యం. హెన్రీ బ్రిగ్స్ ఆయన్ని కలిసి చర్చించాక ఆధారం 10 పద్ధతి స్థిరపడింది. బ్రిగ్స్ 1624లో 1 నుంచి 20,000 వరకు, 90,000 నుంచి 1,00,000 వరకు సంఖ్యలకు 14 దశాంశ స్థానాల పట్టికలు ఇచ్చారు. మధ్యలో మిగిలిన ఖాళీని 1628లో ఏడ్రియన్ వ్లాక్ 10 స్థానాలతో పూరించారు. లాగ్ అంటే ఘాతమే అన్న నేటి నిర్వచనాన్ని 18వ శతాబ్దిలో ఆయిలర్ స్థిరపరిచారు. వీటన్నిటికంటే ఎంతో ముందే, 9వ శతాబ్దికి చెందిన జైన పండితుడు వీరసేనుడు ఒక సంఖ్యను ఎన్నిసార్లు సగం చేయవచ్చో ఆ లెక్కను అర్ధచ్ఛేదం అనే పేరుతో వాడారు. 32కు అర్ధచ్ఛేదం 5. ఆధారం 2తో లాగ్ అంటే అదే.

## కూడిక ఎదురైతే లాగ్ ఆగిపోతుంది

గుణకారాన్ని కూడికగా మార్చడమే లాగ్ శక్తి: లాగ్ (𝑎·𝑏) = లాగ్ 𝑎 + లాగ్ 𝑏. దాని పరిమితి కూడా ఇదే. లోపల ఉన్నది కూడిక అయితే విడగొట్టడానికి సూత్రం లేదు. 10 + 10కి లాగ్ తీసుకుంటే 1.301. విడివిడిగా తీసుకుని కలిపితే 1 + 1 = 2, అది 100కి లాగ్.

మొదట చెప్పిన రెండు లెక్కలకు రెండు పద్ధతులు ఎందుకో ఇక్కడ తేలిపోతుంది. 5^𝑥 = 2^(𝑥+3)లో ప్రతి వైపూ ఒక్కటే ఘాత పదం ఉంది. లాగ్ తీసుకుంటే 𝑥·లాగ్ 5 = (𝑥+3)·లాగ్ 2 అనే మామూలు రేఖీయ సమీకరణం మిగులుతుంది. 𝑥 = 3·లాగ్ 2 ÷ (లాగ్ 5 − లాగ్ 2), అంటే 0.90309 ÷ 0.39794, సుమారు 2.269. 4^𝑥 − 6·2^𝑥 + 8 = 0లో ఘాత పదాల మధ్య తీసివేత ఉంది. అక్కడ నేరుగా లాగ్ తీసుకుంటే ముందుకు వెళ్లే దారి ఉండదు. కాబట్టి లెక్క చూడగానే వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఘాత పదాల మధ్య కూడిక గానీ తీసివేత గానీ ఉందా? ఆధారాలు ఏమిటి, సంఖ్యలు ఎంత పెద్దవి అన్నవి ఆ తర్వాతి సంగతులు.

## 𝑡 అనుకోవడం వెనుక ఉన్న తర్కం

4^𝑥 అంటే (2^2)^𝑥, అంటే (2^𝑥)². ఇది గమనిస్తే పై సమీకరణంలో అసలు తెలియని రాశి 2^𝑥 అని అర్థమవుతుంది. దానికి 𝑡 అని పేరు పెడితే 𝑡² − 6𝑡 + 8 = 0. మూలాలు 2, 4. ఆపైన 2^𝑥 = 2 నుంచి 𝑥 = 1, 2^𝑥 = 4 నుంచి 𝑥 = 2. 𝑡 రాగానే లెక్క అయిపోయిందని ఆగిపోవడం చాలా మార్కులు పోగొట్టే అలవాటు. అడిగింది 𝑥.

ఈ వర్గ సమీకరణం ఎప్పుడూ ఇంత స్పష్టంగా కనిపించదు. 2^𝑥 + 2^(3−𝑥) = 9లో వర్గం కనిపించదు. కానీ 2^(3−𝑥) అంటే 8 ÷ 2^𝑥. కాబట్టి 𝑡 + 8/𝑡 = 9. రెండువైపులా 𝑡తో గుణిస్తే 𝑡² − 9𝑡 + 8 = 0. 𝑡 విలువలు 1, 8. 𝑥 విలువలు 0, 3. 𝑡 ఎప్పుడూ సున్నా కాదని ముందే తెలుసు కాబట్టి ఆ గుణకారానికి అభ్యంతరం లేదు.

మూడు వేర్వేరు ఆధారాలున్నా ఒక్కోసారి ఇదే దారి దొరుకుతుంది. 4^𝑥 + 6^𝑥 = 9^𝑥ని చూస్తే ప్రతిక్షేపణకు చోటే లేదనిపిస్తుంది. కానీ 4, 6, 9 గుణశ్రేఢిలో ఉన్నాయి: 2·2, 2·3, 3·3. అన్నిటినీ 9^𝑥తో భాగించి (2/3)^𝑥 = 𝑡 అనుకుంటే 𝑡² + 𝑡 = 1 వస్తుంది. దీని ధన మూలం (√5 − 1)/2, సుమారు 0.618. ఇది స్వర్ణ నిష్పత్తికి వ్యుత్క్రమం. ఇక 𝑡 ఒంటరిగా మిగిలింది కాబట్టి లాగ్ వంతు వస్తుంది: 𝑥 = లాగ్ 0.618 ÷ లాగ్ (2/3), సుమారు 1.187. పైన 0.618కి లాగ్ రుణాత్మకం, కింద 2/3కి లాగ్ కూడా రుణాత్మకం, అందుకే జవాబు ధనాత్మకంగా వచ్చింది. ఈ అధ్యాయం మొత్తంలో రెండు పద్ధతులు ఎలా చేతులు కలుపుతాయో ఇంత చక్కగా చూపే లెక్క ఇంకొకటి లేదనే చెప్పాలి.

## ఏ మూలాన్ని వదిలేయాలి

9^𝑥 − 2·3^𝑥 − 15 = 0లో 3^𝑥 = 𝑡 అనుకుంటే మూలాలు 5, −3. రెండోదాన్ని వదిలేయాలి. చాలా పుస్తకాలు "రుణ విలువ చెల్లదు" అని ఒక్క మాటతో ముగిస్తాయి. కారణం మొదట చెప్పుకున్న తొలి సంగతి: 3^𝑥 ఏ వాస్తవ 𝑥కూ రుణాత్మకం కాదు. ప్రతిక్షేపణ చేసిన క్షణంలోనే 𝑡 > 0 అనే షరతు కూడా లెక్కలోకి వచ్చింది. దాన్ని ఆ పంక్తిలోనే పక్కన రాసుకుంటే చివర్లో మరిచిపోయే ప్రమాదం ఉండదు. మిగిలిన 3^𝑥 = 5 నుంచి 𝑥 = లాగ్ 5 ÷ లాగ్ 3, సుమారు 1.465.

ఈ షరతు ఎంత పని చేస్తుందో 4^𝑥 − 𝑘·2^𝑥 + 1 = 0లో బాగా తెలుస్తుంది. వర్గ సమీకరణం 𝑡² − 𝑘𝑡 + 1 = 0. విచక్షణి 𝑘² − 4. అది ధనాత్మకమైతే రెండు మూలాలు అని అలవాటుగా రాసేస్తారు. కానీ 𝑘 = −3 అయితే విచక్షణి 5, మూలాలు రెండూ వాస్తవాలే, రెండూ రుణాత్మకాలే. 𝑥కు ఒక్క సాధన కూడా లేదు. సరైన జవాబు ఇది: 𝑘 > 2 అయితే రెండు సాధనలు, 𝑘 = 2 అయితే 𝑥 = 0 ఒక్కటే, 𝑘 < 2 అయితే ఏదీ లేదు. ఇక్కడ 𝑡 మూలాల లబ్ధం 1. లబ్ధం 𝑡 వైపు ఉంటే 𝑥 వైపు మొత్తం అవుతుంది. కాబట్టి రెండు సాధనలున్నప్పుడు వాటి మొత్తం ఎప్పుడూ 0. మొదటి లెక్కలోనూ అంతే: 𝑡 మూలాల లబ్ధం 8, అంటే 2^3. 𝑥 సాధనల మొత్తం 1 + 2 = 3.

రుణ విలువ వస్తే కొట్టేయాలి అన్నదాన్ని మాత్రం గుడ్డి నియమంగా పట్టుకోకూడదు. 𝑥^(లాగ్ 𝑥) = 100𝑥 అనే సమీకరణంలో, లాగ్ ఆధారం 10, క్రమం తిరగబడుతుంది. ముందు లాగ్ తీసుకోవాలి: (లాగ్ 𝑥)² = 2 + లాగ్ 𝑥. తర్వాత లాగ్ 𝑥 = 𝑢 అని ప్రతిక్షేపించాలి: 𝑢² − 𝑢 − 2 = 0. 𝑢 విలువలు 2, −1. ఇక్కడ −1ని కొట్టేస్తే ఒక సాధన పోతుంది. లాగ్ విలువ రుణాత్మకం కావచ్చు, లాగ్ లోపలి సంఖ్యే ధనాత్మకం కావాలి. సాధనలు 100, 0.1. రెండోదాన్ని సరిచూస్తే 0.1^(−1) = 10, 100 × 0.1 = 10.

## బయట ఇవి కనిపించే చోట్లు

పురాతన వస్తువుల వయసు కట్టే కార్బన్-14 పద్ధతిలో సమీకరణం ఒక్క ఘాత పదంతోనే ఉంటుంది. కార్బన్-14 అర్ధాయుష్షు, అంటే అది సగానికి తగ్గడానికి పట్టే కాలం, 5,730 ఏళ్లు. నమూనాలో తొలి పరిమాణంలో 30 శాతమే మిగిలితే 0.5^(𝑛/5730) = 0.3. కూడిక లేదు కాబట్టి నేరుగా లాగ్: 𝑛 = 5730 × లాగ్ 0.3 ÷ లాగ్ 0.5, సుమారు 9,950 ఏళ్లు. ఇలాంటి చోట్ల సమీకరణానికి బదులు అసమీకరణం వస్తే జాగ్రత్త అవసరం. లాగ్ 0.5 రుణాత్మకం, దానితో భాగిస్తే అసమీకరణ గుర్తు తిరగబడుతుంది.

ప్రతిక్షేపణ కావాల్సిన ఉదాహరణ రెండు చివరలూ కట్టి వేలాడదీసిన గొలుసు. దాని ఆకారం పరావలయం కాదని, అది (𝑒^𝑥 + 𝑒^(−𝑥))/2 అనే వక్రమని 1691లో లైబ్నిజ్, హైగెన్స్, యోహాన్ బెర్నూలీ తేల్చారు. అట్టడుగు బిందువు ఎత్తు 1 ప్రమాణం అయితే, గొలుసు 2 ప్రమాణాల ఎత్తులో ఎక్కడ ఉంటుంది? 𝑒^𝑥 = 𝑡 అనుకుంటే 𝑡 + 1/𝑡 = 4, అంటే 𝑡² − 4𝑡 + 1 = 0. మూలాలు 2 + √3, 2 − √3. రెండూ ధనాత్మకాలే, రెండూ ఉండాల్సినవే. సహజ సంవర్గమానం తీసుకుంటే 𝑥 సుమారు 1.317, −1.317. గొలుసు కుడివైపు ఎంత దూరంలో ఆ ఎత్తుకు చేరుతుందో ఎడమవైపూ అంతే దూరంలో చేరుతుంది. లబ్ధం 1 అయితే మొత్తం 0 అన్న పై మాట ఇక్కడ కంటికి కనిపించే సౌష్ఠవం.

## రెండూ పనికిరాని చోట

3^𝑥 + 4^𝑥 = 5^𝑥లో 3, 4, 5 గుణశ్రేఢిలో లేవు. భాగించినా ఒకే 𝑡 రాదు. కూడిక ఉంది కాబట్టి లాగ్ కూడా కుదరదు. 𝑥 = 2 సరిపోతుందని చూడగానే తెలుస్తుంది, ఇంకేవీ లేవని ఎలా చెప్పాలి? 5^𝑥తో భాగిస్తే (3/5)^𝑥 + (4/5)^𝑥 = 1. ఎడమవైపు రెండు పదాలూ 𝑥 పెరిగేకొద్దీ తగ్గుతూనే ఉంటాయి. నిరంతరం తగ్గే ప్రమేయం 1 అనే విలువను ఒక్కసారే దాటగలదు. కాబట్టి 2 తప్ప వేరే సాధన లేదు. పద్ధతులు రెండూ చేతులెత్తేసిన చోట వాటికి పునాదిగా ఉన్న రెండో సంగతి నేరుగా పని చేసింది.

2^𝑥 = 𝑥² ఇంకా గట్టిది. 𝑥 ఇక్కడ ఘాతంలోనూ ఉంది, ఆధారంలోనూ ఉంది. 2, 4 సాధనలని సులభంగా కనిపెట్టవచ్చు. గ్రాఫ్ గీస్తే రుణ భాగంలో మూడోది బయటపడుతుంది, సుమారు −0.7667. దీన్ని న్యూటన్ పద్ధతి లాంటి సంఖ్యాత్మక పద్ధతితో ఎన్ని స్థానాల వరకైనా రాబట్టవచ్చు. సూత్రంగా రాయాలంటే లాంబర్ట్ డబ్ల్యూ అనే వేరే ప్రమేయం కావాలి. ఈ సంఖ్య అకరణీయం కాదు, పూర్ణాంక గుణకాలున్న ఏ బహుపది సమీకరణానికీ మూలం కాదు. 1934లో గెల్ఫోండ్, ష్నైడర్ విడివిడిగా నిరూపించిన సిద్ధాంతం నుంచి ఇది వస్తుంది: 𝑥 బీజీయ (అలాంటి బహుపది సమీకరణానికి మూలమయ్యే) కరణీయ సంఖ్య అయితే 2^𝑥 బీజాతీతం (అలా మూలం కానిది) కావాలి, కానీ అప్పుడు 𝑥² బీజీయంగానే మిగులుతుంది, రెండూ సమానం కాలేవు.